సోమర్సెట్ మామ్ - వేగులవాని పని నెఱిగిన రచయిత

చలనచిత్రములలో గూఢచారి యనగానే మన బాలురకు తుపాకియు, అతివేగముగ పరుగెత్తు మోటారుబండియు జ్ఞప్తికి వచ్చును. అట్టి చిత్రములు చూడవలదని మేము చెప్పబోము. కాని మఱియొక తెగ చిత్రములు గలవు. వానిలో గూఢచారి యొక గుమాస్తావలె కనబడును, కాగితములు చదువును, గంటలకొలది కాచుకొని యుండును, ఎవరిని నమ్మవలయునో తెలియక నలిగిపోవును. చప్పుడు తక్కువ. అయినను చూచువారు ఊపిరి బిగబట్టి చూతురు. ఈ మార్గమునకు మొదటివారిలో నొకడైన ఆంగ్ల రచయిత విలియం సోమర్సెట్ మామ్ చరిత్రమును సంగ్రహముగ నిచ్చట వ్రాయుచున్నాము.

ఇతడు 1874వ సంవత్సరము జనవరి 25వ తేదీన పారిస్ నగరమందలి బ్రిటిష్ రాయబారి భవనమున జన్మించెను. ఎనిమిదవ యేట తల్లియు, పదియవ యేట తండ్రియు గతించిరి. ఫ్రెంచిభాష మాటలాడుటకే యలవడిన యా బాలుడు ఇంగ్లండునకు వచ్చి, విట్‌స్టబుల్ పట్టణమున మతగురువుగా నున్న తండ్రి సోదరుని యింట చేరెను. పిమ్మట అతనిని కాంటర్బరీలోని కింగ్స్ స్కూలునకు పంపిరి. అతనికి నత్తి గలదు. తోడి బాలురు నవ్విరి. ఉపాధ్యాయులలోను దయలేని వారుండిరి. బోధనవృత్తిలో నున్న మాకు ఈ మాట వ్రాయుట కష్టముగనే యున్నది. మాట పెగలని బాలుడు ఇతరులను గమనించుట నేర్చుకొనెను.

తరువాత లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో చదివి 1897లో వైద్యపట్టము నొందెను. ఆ యేటనే మొదటి నవల వెలువడుటచే వైద్యము మాని రచనకే పూనుకొనెను. 1908 నాటికి అతని నాటకములు నాలుగు ఏకకాలమున లండనులో నాడుచుండెను.

1914లో మహాయుద్ధము ఆరంభము కాగా, మొదట ఫ్రాన్సులో గాయపడినవారిని మోయు బండ్లతో పనిచేసెను. 1915లో ఆంగ్ల గూఢచారిశాఖవారు అతనిని జెనీవాకు పంపిరి. నాటకము వ్రాసికొనుటకు వచ్చిన రచయితను ఎవరనుమానింతురు? 1917లో పని మఱింత గొప్పదయ్యెను. రష్యా యుద్ధమునుండి వైదొలగకుండ చూచుటకై యతడు పసిఫిక్ సముద్రము దాటి, వ్లాడివోస్టాక్ రేవున దిగి, సైబీరియా రైలుమీద పెట్రోగ్రాడు చేరెను. అచ్చటి ప్రభుత్వాధినేత కెరెన్‌స్కీ, ఆయుధముల నడుగుచు, బ్రిటిష్ ప్రధానమంత్రి లాయిడ్ జార్జికి అతనిచే రహస్య సందేశము నంపెను. నత్తివలన మాట చెడునని భయపడి మామ్ దానిని కాగితముపై వ్రాసి ప్రధానమంత్రి చేతికిచ్చెను. ఆయన చదివి కాదనెను. కొలది దినములలోనే బోల్షెవిక్కులు అధికారమును గైకొనిరి. అంత దూరము పోయి చేసిన పని యంతయు వ్యర్థమయ్యెను.

ఈ యనుభవములనుండియే 1928లో 'యాషెన్‌డెన్' అను కథలసంపుటి పుట్టెను. అందలి గూఢచారి జెనీవా సంతలో ఒక ముసలిదానియొద్ద వెన్న కొనును. ఆమె చిల్లరతోపాటు చిన్న కాగితపుముక్క నతని చేతిలో నుంచును. సాహసమనునది అంతే! మఱియొక కథలో, రహస్యపత్రములు తెచ్చుచున్న గ్రీకువాడని తలచి ఇటలీలో నొకని చంపింతురు. వాని బట్టలు, పెట్టెలు వెదకినను పత్రములు దొరకవు. అంతట నొక తంతివార్త వచ్చును: ఆ గ్రీకువాడు తన దేశపు రేవునుండి బయలుదేరనే లేదు. కథ యచ్చటనే ముగియును. చచ్చినవా డెవడో, వానికి భార్యాబిడ్డలు గలరో లేరో, రచయిత చెప్పడు. చదివినవారిని ఆ ప్రశ్న విడువదు.

1936లో హిచ్‌కాక్ ఈ కథల నాధారము చేసికొని 'సీక్రెట్ ఏజెంట్' అను చిత్రమును తీసెను. అందును నిరపరాధియే చచ్చును. కొండమీద హత్య జరుగుచుండగా యాషెన్‌డెన్ దూరమునుండి దుర్భిణితో చూచుచుండును. హోటలులో నున్న ఆ మృతుని కుక్క అదే సమయమున మూలుగును. ఆ మూలుగు వేయి తుపాకుల మ్రోతకంటె గట్టిగ వినబడునని మా యభిప్రాయము. తుపాకి చిత్రములో పగవాడు చచ్చినచో మనము చప్పట్లు చఱతుము. ఇట్టి చిత్రములో చచ్చినవాడు పగవాడా కాడా యని మనమే విచారింపవలసి వచ్చును. వాని యాకర్షణ యంతయు నచ్చటనే యున్నది.

జాన్ లి కారే మొదలగువారు ఈ మార్గమునే పెంచిరి. అతని నవలనుండి 1965లో వచ్చిన 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' అను చిత్రము, రంగులు లేక, బెర్లిను గోడయొద్ద దిగులుతో ముగియును.

మామ్ 1938లో మన దేశమునకు వచ్చి తిరువణ్ణామలైలో రమణమహర్షిని దర్శించెను. 1944 నాటి అతని నవల పేరు కఠోపనిషత్తునుండి గైకొనబడినది. 1965 డిసెంబరు 16న ఫ్రాన్సు దేశమందలి నీస్ నగరమున, తొంబదియొకటవ యేట మరణించెను. చిన్ననాడు తన్ను నవ్విన కింగ్స్ స్కూలునకే అతడు జీవితకాలమున గ్రంథాలయము నిచ్చియుండెను. ఆ గ్రంథాలయము ప్రక్కనే అతని చితాభస్మము నుంచిరి.