దినదినము చేసిన చిన్న పని
(డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారి జీవితము)

ధ్యానించుటకు: 2 రాజులు 5:1–14



సిరియా సేనాధిపతియైన నయమాను కుష్ఠరోగముతో ఎలీషా వాకిటికి వచ్చెను. ప్రవక్త బయటికి వచ్చి తన యెదుట ఏదో గొప్ప కార్యము చేయునని అతడు తలంచెను. యొర్దానులో ఏడుమారులు స్నానము చేయుమని మాత్రమే కబురు రాగా అతనికి కోపము వచ్చెను. పని సులభమైనది గనుకనే అతనికి కష్టమాయెను. మనకును అంతే. ఒక్క రాత్రి కూటములో సమస్తమును మారిపోవలెనని కోరుదుము. దినమునకు ఒక అధ్యాయము చదువుమన్నచో తీరిక లేదందుము. మన గుంటూరు సీమలోనే పాటుపడి, ఇక్కడనే కన్ను మూసిన ఒక తల్లి చరిత్ర ఈ విషయములో మనకు బుద్ధి చెప్పును.

అన్నా సారా కుగ్లరుగారు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో జన్మించిరి. 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొంది, కొంతకాలము నారిస్టౌను ఆసుపత్రిలో పనిచేసిరి. 1883 నవంబరు నెలాఖరున లూథరను మిషను పక్షమున గుంటూరు చేరిరి.

ఆ దినములలో ఘోషా స్త్రీలు పురుష వైద్యునికి చెయ్యి చూపించుకొనువారు కారు. ప్రసవవేదనలో తల్లులు దిక్కులేక చనిపోవుచుండిరి. అయినను ఆమెను పంపిన సంఘమువారు వైద్యపనికి ఇంకను సిద్ధపడలేదు. ఇండ్లలోని స్త్రీలకును, పాఠశాలలలోని బాలికలకును బోధించు పనినే ఆమెకు అప్పగించిరి. వైద్యము నేర్చి వచ్చిన వ్యక్తికి ఇది ఎంత బాధ! అయినను ఆమె అలిగి ఓడ ఎక్కలేదు. ఇచ్చిన పని చేయుచు, తెలుగు నేర్చుకొనుచు, వచ్చిన రోగిని కాదనక చూచుచుండిరి. ఆమె తాకిన మైలయని యెంచు గృహములును కలవు. ఆసుపత్రి లేదు, పడకలు లేవు. అట్టి స్థితిలోనే మొదటి సంవత్సరమున 185 మందికి వారి యిండ్లలోను, 276 మందికి తన యింటిలోను వైద్యము చేసిరి.

1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. మరుసటి సంవత్సరము మందులిచ్చు చిన్న వైద్యశాల ప్రారంభమాయెను. పిమ్మట స్వదేశమునకు వెళ్లినప్పుడు ఆసుపత్రి కొరకు చందాలు కూర్చిరి. 1898 జూన్ 23వ తేదీన 50 పడకల ఆసుపత్రి తెరువబడెను. ఆమె గుంటూరు చేరి అప్పటికి 14 సంవత్సరములు దాటినవి. ఒకప్పుడు మైలయని తొలగినవారే తమ స్త్రీలను తీసికొని వచ్చిరి. ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావుగారు తమ కుటుంబమునకు కలిగిన మేలునుబట్టి, రోగుల బంధువులు దిగుటకు అక్కడ సత్రము కట్టించిరి. ప్రభుత్వమువారు ఆమెకు 1905లో కైసర్-ఇ-హింద్ పతకమిచ్చి, 1917లో మరల గౌరవించిరి. 1930 జూలై 26వ తేదీన గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించిరి. ఆ ఆసుపత్రికి పిమ్మట ఆమె పేరే పెట్టిరి.

ప్రియులారా, ఆ 50 పడకలు ఒక్కనాడు లేచినవి కావు. మొదటి యేట తన గదిలో కట్టు కట్టించుకొని పోయిన ఆ 276 మందియే వాటికి పునాది. మన కారంచేడు మాగాణిలో నారు పోయకుండ, కలుపు తీయకుండ కుప్ప నూర్చిన రైతు ఉన్నాడా? పొలమున ఎరిగిన ఈ సత్యమును మనము దేవుని పనిలో మరచిపోవుదుము. ఈ మాట ఇతరులకు మాత్రమే వ్రాయుట లేదు. వారమంతయు వాక్యము తెరువక, శనివారము రాత్రి దీపము దగ్గర ప్రసంగము వెదకుకొనిన దినములు నాకును కలవు. మరునాడు ఆ ప్రసంగములోని ఎండుతనము నాకంటె ముందుగా సంఘమునకే తెలిసెను.

ఇంకొక సంగతి. జ్వరముతోనున్న బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోక, ఎక్కడనో జరుగు స్వస్థత కూటము కొరకు వేచియుండి ఆలస్యము చేసిన కుటుంబములను కాపరులము ఎరుగుదుము. ప్రార్థన చేయుడి, తప్పక చేయుడి. అయితే మందు మానకుడి. యొర్దాను నీళ్లలో పనిచేసిన దేవుడు వైద్యుని చేతితోను పనిచేయును. దినదినము ప్రార్థించువానికి కష్టదినమున అడ్డదారి వెదకవలసిన పని యుండదు.

కావున ఈ నెలలో ప్రతి యింటను మూడు పనులు ఆరంభింతము: ఉదయమున ఒక అధ్యాయము, సాయంకాలమున కుటుంబ ప్రార్థన, వారమునకొకసారి ఒక రోగిని దర్శించుట. చదువరానివారికి పిల్లలు చదివి వినిపింపవలెను. ఒక దినము తప్పినచో నిరాశపడక మరునాడు మరల మొదలుపెట్టుడి. నయమాను ఏడవసారి మునుగువరకు అతని శరీరము బాగుపడలేదు. ఆరవసారి మాని లేచిపోయినచో ఏమగునో తలంచుడి.

ప్రార్థన: ప్రభువా, చిన్న పనిని చులకన చేసిన మమ్మును క్షమించుము. నేటి పనిని నేడే నమ్మకముగా చేయు కృప దయచేయుము. ఆమేన్.