మార్జాలమిత్రుడు హారిసన్ వియర్

గోదావరి సీమలో ధాన్యపు గాదె గల ఇంట పిల్లికి పని తప్పదు. కాని అదే పిల్లి ఎదురువచ్చినచో అపశకునమని అదలింతుము. హజ్రత్ అబూ హురైరా పేరునకు పిల్లికూన తండ్రి యని అర్థమని ఉర్దూ విభాగపు మిత్రులెరుగుదురు. అట్టి మమకారముతో జీవించిన ఆంగ్లేయుడు హారిసన్ వియర్.

ఇతడు 1824 మే 5న లూయిస్ పట్టణమున జన్మించి, ముద్రణకళ నేర్చి, జంతుచిత్రకారుడుగా పేరొందెను. నాడు లండనులోను పిల్లి ఎలుకలను పట్టుటకే, ఆపై రాళ్లదెబ్బలే. ఆ చిన్నచూపు పోగొట్టనెంచి, 1871 జూలై 13న క్రిస్టల్ పాలెస్‌లో పిల్లుల ప్రదర్శన జరిపించెను. ఏ జాతికి ఏవి మేలిలక్షణములో తానే నిర్ణయించి, సోదరునితో గూడి తీర్పులిచ్చెను. ఆ ఉదయము రైలులో, పంజరములలోని పిల్లులు గోలపెట్టునేమోయని కలతపడెనట. తీరా వెళ్లి చూడగా అవి ఎర్రని దిండ్లపై హాయిగా గురుగురులాడుచుండెను! ఈ ముచ్చట మాకు మిక్కిలి ప్రీతికరము.

1887లో స్థాపితమైన నేషనల్ క్యాట్ క్లబ్బునకు ఇతడే తొలి అధ్యక్షుడు. 1889లో స్వయముగా బొమ్మలు గీసి పిల్లులపై గ్రంథము ప్రకటించెను. అయితే సభ్యులకు పిల్లుల క్షేమము కంటె బహుమతులే ముఖ్యమగుట చూచి సహింపలేక ఆ పదవిని విడిచెను. ఏటేట బహుమతి ప్రదానోత్సవము జరుపుకొను మనకిది కొంత గుచ్చుకొనక మానదు. 1906 జనవరి 3న వియర్ కన్నుమూసెను.