మునేటి ఒడ్డు ఆడపడుచు – భండారు అచ్చమాంబ

ఫాల్గుణం వచ్చిందంటే మా మెట్ట ప్రాంతానికి ఒక తీరు అందం వస్తుంది. డెల్టా మిత్రులకు వసంతమంటే మామిడితోపులూ, కాలువ గట్లూ, కోయిలలూ గుర్తుకు రావచ్చు. నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్ళకు మాత్రం వసంతమంటే కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, ఆ ఘాటుకు తుమ్ముకుంటూ పోయే బాటసారులు, ఆకు రాల్చి నిలువెల్లా ఎర్రబారిన మోదుగ చెట్లు, రోడ్డు వారన వేపపూత వాసన. వానాకాలంలో ఒడ్లొరుసుకొని పారిన మునేరు అప్పటికి సన్నబడి, ఇసుకలో పాయలు పాయలుగా చీలి మెల్లగా నడుస్తుంటుంది. ఆ ఏటి ఒడ్డునే పెనుగంచిప్రోలు ఉంది. ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ తిరుపతమ్మ తిరునాళ్ళ. మొక్కులు తీర్చుకోను వచ్చే ఆడవాళ్ళలో చంకన బిడ్డ ఉన్నవాళ్ళూ ఉంటారు, బిడ్డ కోసం వచ్చినవాళ్ళూ ఉంటారు, కన్న బిడ్డను పోగొట్టుకొని వచ్చినవాళ్ళూ ఉంటారు.

యీ మూడో రకం తల్లి ఒకామె గురించే నేను వ్రాయదలచుకున్నాను. ఆమెదీ ఆ వూరే. 2022లో జిల్లాలు విడదీశాక మా ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గాని, ఆమె పుట్టిన 1874 నాటికి అది కృష్ణాజిల్లా, నందిగామ తాలూకా. మా నోటికి ఇప్పటికీ అదే తిరుగుతుంది.

కొమర్రాజు లక్ష్మణరావు పేరు తెలియని తెలుగు విద్యార్థి మన కళాశాలలో ఉండడు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, విజ్ఞానచంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అని పరీక్షలో గబగబా వ్రాసేస్తాం. ఆయనకు ఒక అక్క ఉండేదనీ, ఆ అక్క లేకపోతే ఆయన చదువు ఎట్లా సాగేదో చెప్పలేమనీ మాత్రం వ్రాయం. ఆ అక్కే భండారు అచ్చమాంబ.

తండ్రి వెంకటప్పయ్యగారు పోయేనాటికి ఆమెకు ఆరేళ్ళు, తమ్ముడు ఇంకా పసివాడు. తల్లి గంగమ్మగారు. ఇంటి మగదిక్కు పోయిన ఆ రోజుల్లో ఇద్దరు పసివాళ్ళతో ఆ తల్లి పడ్డ పాటు ఎంతటిదో వేరే చెప్పనక్కర లేదు. పదో ఏట అచ్చమాంబను మేనమామ మాధవరావుగారికిచ్చి పెండ్లి చేశారు. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆడపిల్లకు బడి అనే ఊహే లేని కాలమది.

కాపురానికి వెళ్ళాక తమ్ముణ్ణి కూడా తన ఇంటికే తెచ్చుకుంది. నాగపూరు ప్రాంతంలో వాళ్ళ కాపురం. చుట్టూ వినబడేది మరాఠీ, హిందీ. తమ్ముడు చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని తెలుగు నేర్చింది, హిందీ నేర్చింది, మరాఠీ నేర్చింది. పోను పోను ఇంకా కొన్ని భాషల్లోకి తొంగి చూసింది. సంస్కృతమూ కొంత పట్టింది. ఏ పాఠశాలా ఆమెకొక సర్టిఫికెట్టు ఇవ్వలేదు. చదువు చెప్పించింది అక్క, చదువు చెప్పింది తమ్ముడు. యీ ఇచ్చిపుచ్చుకోవడం లోకంలో అరుదు. మన ఇండ్లలో సాధారణంగా జరిగేది, అక్కయ్యలు బడి మానుకుంటే ఆ డబ్బుతో తమ్ముళ్ళు బడికి పోవడం.

ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరూ పసితనంలోనే పోయారు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. పిల్లలు పోయిన దుఃఖంలోంచే ఆమె రచయిత్రి అయిందట. వినడానికి బాగుంటుంది గాని నాకు యీ మాట రుచించదు. ఆడది కలం పట్టిందంటే ఏదో కడుపుకోత ఉండే తీరాలని మనం ముందే తీర్మానించుకుంటాం. మగవాడు వ్రాస్తే ప్రతిభ, ఆడది వ్రాస్తే ఓదార్పు! అచ్చమాంబకు అక్షరాల మీద ఆకలి తమ్ముడి పుస్తకాల దగ్గరే పుట్టింది. దుఃఖం వచ్చి ఆ ఆకలిని చంపలేకపోయింది. అంతవరకే మనం చెప్పగలిగింది. బిడ్డలు పోయిన ఇల్లాలిని ఆనాటి సంఘం ఎట్లా చూసేదో, పేరంటాల్లో ఏ మూల కూర్చోబెట్టేదో మన నాయనమ్మలను అడిగితే చెప్పేవాళ్ళు. ఆ ఇల్లాలు ఆ మూల కూర్చోలేదు. పరాయి పిల్లలను ఇంట్లో చేర్చుకుంది. ఎప్పుడు చూసినా ఆ ఇంట్లో అయిదుగురు విద్యార్థులు ఉండేవారట. వాళ్ళకు తిండీ, బట్టా, చదువూ అన్నీ ఆమెవే. వారాలు చేసుకుని చదివిన వాళ్ళకు, హాస్టలు మెస్సులో సాంబారును తిట్టుకుంటూ చదివిన నాబోటి వాళ్ళకు, అయిదుగురు పిల్లలకు రెండుపూటలా వండి పెట్టడమంటే ఏమిటో కొంత తెలుసు. ఆ వంటా వార్పూ అయ్యాకనే ఆమె వ్రాయడానికి కూర్చుని ఉంటుంది.

ఏమి వ్రాసింది? ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసింది. ఇంచుమించు వెయ్యేండ్ల కాలంలో మన దేశంలో పేరెన్నికగన్న స్త్రీల జీవితచరిత్రలు అవి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1901లో దాన్ని తమ చింతామణి ముద్రాక్షరశాల నుంచి ప్రచురించారు. ఆడవాళ్ళు పుట్టుకతోనే బుద్ధిలేనివాళ్ళని, చదువు చెప్పిస్తే చెడిపోతారని వాదించేవారికి ఆమె వాదనతో గాక బతుకులతో జవాబు చెప్పింది. ఇదిగో ఫలానా ఆమె, ఫలానా పని చేసింది, చూసుకోండి అన్నట్టు వరుసగా నిలబెట్టింది. అందులో ఖనా కథ ఒకటి ఉంది. జ్యోతిషంలో ఇంటి మగవాళ్ళను మించిపోయినందుకు నాలుక తెగ్గోయించుకున్న వంగదేశపు పండితురాలిగా ఖనాను కథలు చెప్పుకుంటాయి. ఇంత మంది స్త్రీలలో ఆమెను కూడా ఏరి తేవడం ఊరికే జరగలేదని నా నమ్మకం. 1991లో ఇంగ్లీషులో వెలువడిన భారతీయ స్త్రీల రచనల సంకలనానికి సూసీ థారూ, కె. లలిత అచ్చమాంబ వ్రాసిన యీ ఖనా చరిత్రనే ఎంచుకున్నారు.

ఆమె తన పిల్లలను గురించి పుస్తకాలు వ్రాయలేదు. ఊరూ పేరూ మరుగునపడబోతున్న పరాయి ఆడవాళ్ళను ఎత్తుకుంది. పోయిన మనుషుల జాడ వెదికి కాగితం మీద నిలపాలని ఒక తల్లికి ఎందుకనిపించిందో, ఎవరికి వారు ఊహించుకోవలసిందే.

కథలు కూడా వ్రాసింది. 1902 నవంబరులో ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ అచ్చయింది. పండుగపూట పేదరికం, తప్పుదారిన ఇంట్లోకి వచ్చిన డబ్బు, దాన్ని ముట్టనని నిలబడ్డ ఇల్లాలు – అదీ కథ. ‘స్త్రీవిద్య’ అనే మరో కథ భార్యాభర్తల సంభాషణగానే నడుస్తుంది. గురజాడవారి ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. అందువల్ల తొలి తెలుగు కథ ఎవరిదన్న పేచీ పండితుల మధ్య నడిచింది. సంగిశెట్టి శ్రీనివాస్ వంటి పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి ఆమె కథలను మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. మొదటిదెవరన్న పోటీ మీద నాకంత ఆసక్తి లేదు. ఎనిమిదేళ్ళ ముందు వ్రాసినామె పేరు మా పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగానైనా లేకపోవడమే నన్ను బాధించింది.

బల్ల ముందు కూర్చుని వ్రాయడంతో ఆమె తృప్తిపడలేదు. 1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి జిల్లా ముఖ్యపట్టణమైన మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. మరుసటి ఏడు ఆంధ్రదేశంలో ఊరూరూ తిరిగి స్త్రీ సమాజాలు పెట్టండని చెప్పింది. ఆనాటి ప్రయాణాలంటే కొంత రైలు, మిగతాది బండి. గడప దాటితేనే నోరు నొక్కుకునే రోజుల్లో ఒక ఇల్లాలు సభలో నిలబడి మాట్లాడడం ఎంత పనో!

తమ్ముడు పెద్దవాడై ఎం.ఏ. చదివి మునగాల సంస్థానంలో పని చూస్తున్నాడు. మునగాల పరగణా అప్పట్లో మా నందిగామ తాలూకాలోదే. అక్క చదివించిన పిల్లవాడు తిరిగి సొంత తాలూకాకే వచ్చాడన్నమాట. 1901లో హైదరాబాదులో భాషానిలయం వెలిసింది, అదే ఏడు అక్క పుస్తకమూ వెలువడింది.

రత్నమాల మొదటి భాగంతో ఆగదలచలేదు ఆమె. తరువాతి భాగాల్లో పురాణ స్త్రీలనూ, విదేశీ వనితలనూ గూర్చి వ్రాయాలని తలపెట్టింది. ఆ పని పూర్తి కాలేదు. 1905 జనవరి 18న అచ్చమాంబ కన్నుమూసింది. అప్పటికి నిండా ముప్ఫయి యేండ్లు. మన కళాశాలలో పరిశోధన చేస్తున్న అక్కయ్యలు కొందరి వయసు అదే.

మరుసటి సంవత్సరం, 1906లో, లక్ష్మణరావుగారికి కూతురు పుట్టింది. ఆ పిల్లకూ అచ్చమాంబ అనే పేరే పెట్టారు. ఆమె పెరిగి డాక్టరయింది, బెజవాడలో వైద్యం చేసింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయింది. మేనత్తలాగే ఆమె కూడా తెలుగులో పుస్తకం వ్రాసింది. దాని పేరు ‘ప్రసూతి – శిశుపోషణ’.