చింతతోపులో ఐదు దినములు

ఇశ్రాయేలీయులు ఏటేట ఏడు దినములు తమ యిండ్లు విడిచి పర్ణశాలలలో నివసింపవలెనని లేవీయకాండము 23వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. వేసవి సెలవులలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు సంఘముల యౌవనులు చాపయు దుప్పటియు చుట్టుకొని శిబిరమునకు బయలుదేరునప్పుడెల్ల ఆ అధ్యాయము మాకు జ్ఞాపకమునకు వచ్చును. ఈ వాడుక మనకు ఎక్కడనుండి వచ్చినదని ఒక పడుచువాడు మమ్మును అడిగెను. అతనికి జవాబుగా జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి చరిత్ర కొంత వ్రాయుచున్నాము.

క్లౌగారు 1836లో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. పడుచు ప్రాయమున భూమి కొలుచువారితో కలిసి అడవులలో గొలుసు లాగుచు, గుడారములలో పరుండుచు బ్రదికిరి. అప్పుడు ఆయనకు భక్తి లేదు. బర్లింగ్టన్ కళాశాలలో ఒకే గదిలో నున్న స్నేహితుడు మోకాళ్లూని ప్రార్థించుట ఆయనకు గిట్టలేదు. గది నడుమ సుద్దతో గీత గీసి, నీ భక్తి ఆ ప్రక్కనే ఉంచుకొమ్మని చెప్పిరట. ఆ స్నేహితుడు గీతకు ఆవలనే ప్రార్థన సాగించెను. కొంతకాలమునకు గీత గీసినవారే ప్రభువును అంగీకరించిరి.

1864 నవంబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865 ఏప్రిలులో నెల్లూరు చేరిరి. 1866లో ఒంగోలు వెళ్లిరి. ఆ దినములలో ఒంగోలు, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు అన్నియు నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలులో అప్పటికే ఒక ప్రార్థన కొండ యుండెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్యయు, కొద్దిమంది తెలుగు విశ్వాసులును ఆ కొండపై మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని దేవుని అడిగిరి. పండ్రెండేండ్లకు ఆ సేవకుడు వచ్చెను.

1867 జనవరిలో మొదటి శిబిరము జరిగినది. శిబిరమను పేరు మేము పెట్టినదే. వారు ఏ పేరును పెట్టలేదు. యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వర్తకము చేయు మాదిగ కులస్థుడు, ముందు యోగమార్గమున దేవుని వెదకినవాడు. బాప్తిస్మము పొంది తన ఊరు తాళ్లకొండపాడుకు పోయి చుట్టు గ్రామములలో సువార్త చెప్పెను. దొరగారిని రమ్మని పిలిచెను. ఒంగోలుకు పడమటనున్న ఆ ఊరిలో చింతతోపులో గుడారము వేసిరి. ముప్పది నలుబదిమంది స్త్రీ పురుషులు కొన్ని దినములకు సరిపడు తిండిమూటలు కట్టుకొని వచ్చిరి. ఐదు దినములు చెట్ల నీడనే కూర్చుండి నేర్చుకొనిరి. పందిరి లేదు, మైకుసెట్టు లేదు, అచ్చు వేసిన కార్యక్రమము అసలే లేదు. కడపట 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంగతి ఒంగోలు పెద్ద కులములవారికి నచ్చలేదు. తక్కువవారిని చేర్చుకొనినయెడల తాము రామనిరి. పెద్దలు వచ్చిన పనికి బలము కలుగునని ఎవరికైనను తోచును. దొరగారికి నిజముగా కష్టమైనది. ఆయన ఒక గదిలోను, ఆయన భార్య వేరొక గదిలోను బైబిలు తెరచిరి. ఇద్దరికిని 1 కొరింథీయులకు 1:26-29 వచనములే కనబడెను. ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. మాదిగలను విడువమని వారు నిశ్చయించుకొనిరి.

ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట ఒక వేసవి శిబిరములో రెండు పల్లెల పిల్లలు రెండు బంతులుగా కూర్చుండి భోజనము చేయుట మేము చూచితిమి. సుద్దగీత ఏదియు లేదు. అయినను ఏ పిల్లవాడును ఈ బంతినుండి ఆ బంతికి పోలేదు. అందరును క్రైస్తవుల బిడ్డలే, ఉదయము కలిసి పాడినవారే. మేము పెద్దలము వడ్డించుచు నిలిచితిమి గాని నోరు మెదపలేదు.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చెను. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌగారు కంట్రాక్టు తీసుకొనిరి. అడవులలో భూమి కొలిచిన విద్య అప్పుడు అక్కరకు వచ్చెను. వేలమంది గుడిసెలు వేసుకొని అక్కడ పని చేసిరి. బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్న విశ్రాంతిలోను సాయంకాలమునను వారు కూలీల నడుమ కూర్చుండి క్రీస్తును గూర్చి చెప్పెడివారు. అనేకులు బాప్తిస్మము అడిగిరి. కూటికొరకు వచ్చిరను మాట రాకూడదని క్లౌగారు పదునైదు నెలలు ఎవరికిని ఇయ్యలేదు. కరువు సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద మూడు దినములలో 614, 2,222, 700 మంది, వెరసి 3,536 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలోనికి దిగి ఇచ్చినవారు బోధకులు. దొరగారు ఒడ్డుననే యుండిరి.

అటుపిమ్మట 1885లో ఉదయగిరిలోను, 1893లో ఆత్మకూరులోను మిషను స్థానములు ఏర్పడెను. మూడు నెలలకొకసారి బోధకులందరు ఒంగోలులో కూడి, చెట్ల క్రింద చాపలపై కూర్చుండి, తమ గ్రామముల సంగతులు చెప్పుకొను వాడుకను క్లౌగారు విడువలేదు.

ఆయన 1910 నవంబరు 24న అమెరికాలో రోచెస్టరు పట్టణమున నిద్రించిరి. ఆయన చెప్పిన జీవితకథను ఆయన రెండవ భార్య ఎమ్మాగారు కూర్చగా 1914లో అచ్చు పడెను. చింతతోపులోని ఆ ఐదు దినముల సంగతి అందులోనిదే. ఈ వేసవిలో మా శిబిరమునందు మొదటి రాత్రి, భోజనమునకు ముందు, దానిని చదివించుటకు నిర్ణయించుకొన్నాము.