ఛాయాచిత్ర శిల్పి రాజా దీనదయాళ్

నేడు అమీరుపేటలోనైనను, పంజగుట్ట కూడలిలోనైనను నలుగురు విద్యార్థులు కలిసినచో ఛాయాచిత్రము తీసికొననిదే విడిపోరు. ఒకరిని ముందుకు, ఒకరిని వెనుకకు జరుపుదురు, అందరిని నవ్వుమందురు. ఈ చిన్న ఏర్పాటునే మహాకళగా సాధించి, ఒక తరము హైదరాబాదును మనకు మిగిల్చి పోయినవారు రాజా దీనదయాళ్.

ఆయన 1844లో మీరట్టు సమీపమునగల సర్ధనాలో ఒక జైన కుటుంబమున జన్మించినారు. గంగా కాలువ పనులకు ఇంజనీర్లను తీర్చిదిద్దుటకై రూర్కీలో నెలకొల్పిన థామసన్ కళాశాలలో చదివినారు. నది వాలును కొలిచి, కాగితముపై గీసి, నీటిని దారి మళ్లించు విద్య అది. కంటితో కొలుచు అలవాటు ఆయనకు అక్కడనే అబ్బినది. 1866లో ఇండోరు ప్రజాపనుల శాఖలో అంచనాలు వేయు ఉద్యోగమున చేరినారు. 1874లో కెమెరా చేపట్టినారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతమంతయు తిరిగి కోటలను, గుడులను చిత్రించినారు. వానిలో కొన్ని చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి.

ఆ యేడే సికింద్రాబాదులో చిత్రశాల తెరచినారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, 1894లో రాజా బిరుదమిచ్చి సత్కరించినాడు. ఘోషా స్త్రీలకొరకు 1892లో ప్రత్యేక చిత్రశాల యేర్పడినది. దానిని ఒక ఆంగ్ల మహిళ నడిపినది.

ఆనాటి కెమెరా బరువైనది. చిత్రము గాజు పలకపై పడవలెను. కూర్చున్నవారు కదిలినచో ముఖము చెదరిపోవును. కావున కుర్చీ ఎక్కడ, ఖడ్గము ఎక్కడ, ఎవరి చూపు ఎటు అనునది ముందే నిర్ణయింపవలెను. 1902లో వరంగల్లు ప్రాంతమున నెక్కొండ శిబిరములో కర్జను దంపతులు చచ్చిన పెద్దపులి చెంత నిలిచిన చిత్రము ఇందుకు తార్కాణము. అది వేట కాదు. వేట ముగిసిన పిదప చెప్పిన కథ. అధికారము తన్ను తాను ఎట్లు చూపుకొనగోరినదో అందు కనిపించును.

అయితే అదే కెమెరా క్షామమును కూడ చూచినది. నిజాము ప్రభుత్వము సాగించిన సహాయ కార్యములను చూపుటకు క్షామపీడితులను గూడ వరుసగా నిలిపి చిత్రములు తీసినారు. ప్రభువుల దయను చాటుటయే ఆ చిత్రముల ఉద్దేశము. కాని ఆ వరుసను ఎవరైనను తీర్చగలరు గాని, పైకి తేలిన ఆ ప్రక్కటెముకలను ఎవరు తీర్చగలరు? చూపదలచినదానికంటె ఎక్కువ నిజము ఆ గాజు పలకపై పడినది. దీనదయాళ్ గొప్పతనము నాకు దర్బారు చిత్రములకంటె ఇచ్చటనే ఎక్కువగా తోచును.

1905లో ఆయన బొంబాయిలో కన్నుమూసినారు. మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి నగరమును ముంచినది. వేలాది ప్రాణములు పోయినవి. సికింద్రాబాదునుండి నిజాము భవనములకు పోవువారందరు దాటవలసిన నది అది. దానికి ఎవరి ఏర్పాటును అక్కరలేకపోయెను. ఆ పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు వెలసి నదిని అదుపులో నుంచినవి.

ఇప్పటి ఛాయాగ్రాహకులు కొందరు నటులకు వేషములు వేయించి, గడచిన కథలను చిత్రములుగా మలచుచున్నారు. మన విద్యార్థులును మూసీ చరిత్రను అట్లు చెప్పబూనినచో మంచిదే. వేషము, వెలుతురు, భంగిమ మన చేతిలోనివి. కాని నీట మునిగినవారి దుఃఖమును వాని చాటున దాచరాదు. ఎంత కూర్చి తీసినను నిజమునకు చోటు మిగుల్చుటయే దీనదయాళ్ చిత్రములు మనకు నేర్పు పాఠము.