పలుకును పట్టిన పంతులు గిడుగు

నారాయణరావుపేట: ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)కు సిద్ధమవుతున్న మండల యువతకు ఆంగ్లం కొరుకుడు పడని విభాగం. మొత్తం 150 మార్కులలో దానికి 30 కేటాయించారు. వ్యాకరణ సూత్రాలను ఎలాగోలా కంఠస్థం చేసినవారు సైతం ధ్వనిశాస్త్రం, బోధన పద్ధతుల దగ్గర తడబడుతుంటారు. 26 అక్షరాలలో 44 ధ్వనులు ఎలా ఇమిడాయన్నది మొదటి సందేహం. డిగ్రీ చదివే రోజుల్లో ఈ వ్యాసకర్తకూ అదే సందేహం ఉండేది. ఆ శాస్త్రాన్ని ఆంగ్ల గ్రంథాల నుంచి సొంతంగా నేర్చి, గిరిజనుల బడిలో ఆచరించి చూపిన తెలుగు పంతులు ఒకరున్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నా, వృత్తిరీత్యా ఆయన చరిత్ర బోధకుడన్న సంగతి చాలామందికి తెలియదు.

శ్రీకాకుళం ప్రాంతంలో వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో గిడుగు జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ ముగిశాక 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల వేతనంపై ఉపాధ్యాయునిగా చేరారు. కొలువు చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఎ., బి.ఎ. పూర్తి చేశారు. ముఖలింగ ఆలయంలోని శాసనాల లిపిని సైతం స్వయంగా నేర్చి చదివారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టరికం లేని, ముండా కుటుంబానికి చెందిన భాష అది. తెలుగు, సవర రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని గిడుగు ఆ భాష నేర్చారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఈ కృషికి 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదునిచ్చింది. కొండల్లో తిరిగిన ఫలితంగా సోకిన మలేరియాకు క్వినైన్ వాడగా ఆయన వినికిడి దెబ్బతిన్నది. ఉచ్చారణనే జీవితంగా చేసుకున్న మనిషికి అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? అయినా పని ఆపలేదు. ఆయన ఆంగ్లంలో రచించిన సవర భాషా గ్రంథం 1931లో ప్రభుత్వ ప్రచురణగా వెలువడింది. దాని పేరులోనే దీర్ఘాన్ని రెండు చుక్కలతో సూచించారు. నేటి టెట్ అభ్యర్థులు ఆంగ్ల నిఘంటువులో ఉచ్చారణ పక్కన చూసి బెదిరే చుక్కలూ అటువంటివే.

హెన్రీ స్వీట్, ఒట్టో జెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తల గ్రంథాలు ఆయనకు దారి చూపాయి. నోటి మాటే భాషకు మూలమని, రాత దాన్ని అనుసరించాలని వాటి సారం. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్, తెలుగు పిల్లలు మాట్లాడేది ఒకటి, పుస్తకంలో చదివేది మరొకటి ఎందుకని ప్రశ్నించారు. ఆంగ్లాన్ని వాడుక మాటల ద్వారా నేర్పాలనే పద్ధతి అప్పుడే ప్రచారంలోకి వస్తోంది. తెలుగుకూ అది ఎందుకు వర్తించదన్న ఆలోచనతో గిడుగు వ్యావహారిక భాషోద్యమానికి నడుం కట్టారు. 1911లో ఉద్యోగ విరమణ చేశాక పూర్తి కాలం దానికే వెచ్చించారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గట్టిగా ఎదిరించారు. 1919లో గిడుగు 'తెలుగు' అనే పత్రికను స్వయంగా నడిపారు.

మన పల్లె పిల్లలు కొందరు స్కూలును ఇస్కూల్ అంటారు. పరిహసించవలసిన పనిలేదు. మాట మొదట జంట హల్లు వస్తే నాలుక మొరాయించి ముందొక అచ్చును చేర్చుకుంటుంది. క్రొత్త కొత్త అయినదీ, ప్రాత పాత అయినదీ ఇటువంటి ఇబ్బంది వల్లనే. ఈ కిటుకు తెలిసిన గురువు పిల్లవాడిని మందలించడు, పలికించి చూపిస్తాడు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం దశలవారీగా అమలైనందున ఈ నేర్పు మరింత అవసరమైంది.

ఇక్కడ మరో మాట చెప్పక తప్పదు. గిడుగు గెలిపించిన వ్యావహారికం కోస్తా చదువరుల వాడుకగా స్థిరపడింది. తెలంగాణ పలుకుబడికి పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం చోటు దక్కలేదు. ఆయన సూత్రాన్ని ఆయన అనుయాయులే సగం దూరం నడిపించి ఆపివేశారనిపిస్తుంది. కాళోజీ జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం రాష్ట్రావిర్భావం తర్వాత, 2014 నుంచి మొదలైంది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో గిడుగు అర్ధ శతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చారు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలిసి, జనం భాషలో రాయాలని చివరిసారి విన్నవించారు. సరిగ్గా వారానికి, 22వ తేదీన కన్నుమూశారు.