ఆచార్య పిండ్‌బోర్గ్ - నోటి వ్యాధుల చిత్రమాలిక

డెన్మార్కు దేశపు దంతవైద్యాచార్యుని చరిత్ర కైకలూరు విద్యార్థులకెందుకని కొందరు మిత్రులు మమ్ములను ప్రశ్నించారు. అందుకు కారణం ఒక ముసలమ్మ. మేము విశాఖలో ఎం.ఏ. చదివే రోజులలో శ్రీకాకుళం జిల్లాలోని ఒక సహాధ్యాయి ఇంటికి వెళ్లాము. ఆయన నాయనమ్మ చుట్ట నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని, చేటతో బియ్యం చెరుగుతూనే మమ్ములను పలకరించింది. అక్కడివారు దీనిని అడ్డపొగ అంటారు. గాలికి నిప్పు ఆరదు, చంకలోని బిడ్డ మీద నుసి రాలదు, చేతులకు పని ఆగదు. తల్లి నుండి కూతురికి వచ్చే అలవాటు ఇది.

ఆమె అంగిలి తెల్లబారినదని, నొప్పి లేదు గనుక వైద్యుని వద్దకు రానంటున్నదని మనుమడు వాపోయాడు. ఎట్టకేలకు వెంట తీసుకొని వెళ్లగా, వైద్యుడు వాదించలేదు. లావుపాటి పుస్తకం తెరచి ఒక రంగుల ఛాయాచిత్రాన్ని ఆమె ముందుంచి, చేతికి అద్దమిచ్చాడు. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసి మౌనం వహించింది. ఆ పుస్తకం మీది పేరు పిండ్‌బోర్గ్.

యెన్స్ యోర్గెన్ పిండ్‌బోర్గ్ 1921లో జన్మించి, దంతవైద్యం అభ్యసించి, కోపెన్‌హాగెన్‌లోని రాయల్ దంతవైద్య కళాశాలలో ఆచార్యులైనారు. పంటికంటె దాని చుట్టూ ఉన్న పొరల మీద, ఎముక మీద ఆయన దృష్టి నిలిచింది. దవడ ఎముకలో మెల్లగా పెరిగే ఒక అరుదైన కణితిని 1955లో ప్రత్యేకంగా గుర్తించి వర్ణించారు. అది నేటికీ పిండ్‌బోర్గ్ కణితిగానే ప్రసిద్ధం.

ఆయన నోటిపొర వ్యాధుల అట్లాసు 1968లో వెలువడింది. 1974లో యోర్టింగ్ హాన్సెన్‌తో కలిసి దవడల వ్యాధులకూ ఒక అట్లాసు కూర్చారు. నోటిలో తెల్లమచ్చ అన్నంత మాత్రాన అది ఒకే రోగం కాదు. బూజు వలన కలిగిన తెలుపు తుడిస్తే ఊడివస్తుంది. లైకెన్ ప్లానస్ తరచు వలలాంటి సన్నని తెల్లగీతలుగా కనబడుతుంది. తుడిచినా పోక, మరే వ్యాధి లక్షణాలకూ లొంగక నిలిచినది ల్యూకోప్లేకియా. దానిలో కొన్ని మాత్రమే క్యాన్సరుగా పరిణమిస్తాయి. వర్ణనలు బోధించి జీవించేవారమే అయినా, ఇచట మాట ఓడి బొమ్మ గెలుస్తున్నదని మేము ఒప్పుకొనక తప్పదు. అయితే బొమ్మ అనుమానాన్ని రేకెత్తించగలదే గాని తుది తీర్పు చెప్పజాలదు. అందుకు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలసినదే.

పిండ్‌బోర్గ్‌కు భారతదేశంతో గాఢమైన అనుబంధం ఏర్పడింది. లక్నోలో పదివేలమంది నోళ్ల పరీక్షలో పాల్గొన్నారు. వక్క నమిలేవారికి బుగ్గలు బిగుసుకొని నోరు తెరుచుకొనని వ్యాధిని శ్రద్ధగా పరిశోధించారు. వక్కపొడి పొట్లం చించే మన కుర్రవాళ్లు ఈ సంగతి ఎరుగరు. ఆపైన బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన డాక్టర్ ఫాలీ మెహతా బృందంతో చేయి కలిపారు. భావనగర్, ఎర్నాకుళం, శ్రీకాకుళం, సింగ్‌భూమ్, దర్భంగా జిల్లాలలో ఇంటింటికీ తిరిగి 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించిన ఫలితాలు 1969లో వెలువడినవి. శ్రీకాకుళం వంతు 10,169 మంది. వీరిలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవారని 1971 నాటి వ్యాసం తెలిపింది. ఇతర ప్రాంతాలలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సరు ఉత్తరాంధ్రలో ఎందుకు తరచు కనిపిస్తున్నదో ఆ నిప్పుకొనే చెప్పింది.

పదేళ్లపాటు ఆ పల్లెలకు మళ్లీ మళ్లీ వెళ్లి చూడగా, క్యాన్సరు దాదాపు ప్రతిసారీ ముందే మచ్చ ఉన్నచోటనే పుట్టినట్లు తేలింది. అనగా ముందుగా చూడగలిగిన కన్నుకు వ్యవధి ఉన్నది. తరువాత 36,000 మంది పొగాకు వాడకందారులకు మానమని నచ్చజెప్పే ప్రయత్నం జరిగింది. అందరూ మానలేదు గాని, బోధ విన్నవారిలో మానినవారు పెరిగి, కొత్త మచ్చలు తగ్గినట్లు 1986లో ప్రకటించారు. పిండ్‌బోర్గ్ 1995లో కన్నుమూశారు.

మా మిత్రుని నాయనమ్మకు ముక్క పరీక్షలో క్యాన్సరు లేదని తేలింది. ఆమె చుట్ట మానలేదు. నిప్పుకొనను మాత్రం బయటికి తిప్పింది.